ముప్పై గిన్నెల నీళ్ళు

ఏడేళ్ళు సేవ చేస్తే గురువు ఉపదేశం ఇస్తాడనుకున్నాడు విరూపాక్షి. గురువు గిన్నె ఇచ్చాడు.

అరచెయ్యంత రాగిగిన్నె. అడుగున సూదిమొనంత బెజ్జం. నీళ్ళ తొట్టిలో వదిలితే ఆ బెజ్జంలోంచి నీళ్ళు మెల్లగా ఎక్కి, కాసేపటికి గిన్నె మునుగుతుంది. మునిగితే ఒక గిన్నె సేపు అయినట్టు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు కుంకేదాకా అది ముప్పైసార్లు మునుగుతుంది.

కొండ కింద ఊటకాలువ ఉంది. ఆ కాలువ పుట్టే చోట ఓబుళయ్య స్వామి ఆశ్రమం. ఆశ్రమమంటే రెండు కొట్టాలు, ఒక వంటపాక. కాలువ నీళ్ళు తాగే ఊళ్ళు మూడు. ఆ మూడు ఊళ్ళకూ ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు. అందుకని గిన్నె ఆశ్రమంలోనే ఉండాలని, ఆశ్రమంవాళ్ళే మడవ తిప్పాలని, అంటే ఒక ఊరి కాలువ మూసి ఇంకో ఊరి కాలువ తెరవాలని, పాత కట్టుబాటు. ఎవరి వంతు ఎంతో తూము పక్కన రాతిమీద చెక్కి ఉంది.

ఎగువపల్లెకు సగం. నడిమిపల్లెకు మూడో పాలు. దిగువపేటకు ఆరో పాలు.

ఇన్నాళ్ళూ గిన్నె చూసిన లింగన్నకు చూపు పోయింది. అతను మూడు చిన్న సంచులు తెచ్చి విరూపాక్షి ముందు పెట్టాడు. వాటి నిండా గులకరాళ్ళు.

"గిన్నె మునిగినప్పుడల్లా ఒక రాయి తీసి పక్కన పెట్టు నాయనా. సంచి ఖాళీ అయితే మడవ తిప్పు. అంతే."

విరూపాక్షికి నవ్వొచ్చింది. "రాళ్ళు లెక్కపెట్టుకోవడానికి నేనేమన్నా పసిపిల్లాణ్ణా తాతా? రాతిమీద రాసి ఉంది. నాకు చదవడం వచ్చు."

సంచుల మూతి కూడా విప్పి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ లేదు.

ఆ తెల్లారే గురువు పక్క ఊరికి పోయాడు. అక్కడ బావి ఒరలు కూలితే కట్టడానికి పిలిచారు. ఓబుళయ్య స్వామి కాషాయం కట్టకముందు బావులు తవ్వినవాడు. మందుగుండు తోటా పేలి ఎడమచేతి రెండు వేళ్ళు పోయినవాడు. స్వామి అయ్యాక కూడా ఎవరి బావి కూలినా గునపం పట్టుకుని పోయేవాడు.

విరూపాక్షి ఒక్కడే తూము దగ్గర కూర్చున్నాడు. రాతిమీద మాటలు చదివాడు. పంపకం అతనికి కొత్త కాదు. ఆశ్రమం వంటపాకలో ఏడేళ్ళుగా వడ్డన అతనిదే. అక్కడ పద్ధతి ఇది: వండినదాంట్లో సగం దారినపోయేవాళ్ళకు తీసిపెట్టాలి. పోగా మిగిలినదాంట్లో మూడో పాలు పశువులకు, పక్షులకు. అది కూడా పోగా మిగిలింది ఆశ్రమంవాళ్ళకు. ఏడేళ్ళు అలా పంచిన చెయ్యి ఇక్కడా అలాగే పంచింది.

ముప్పైలో సగం పదిహేను. పదిహేను గిన్నెల సేపు ఎగువపల్లెకు వదిలాడు.

మిగిలింది పదిహేను. అందులో మూడో పాలు ఐదు. ఐదు గిన్నెలు నడిమిపల్లెకు.

మిగిలింది పది. అందులో ఆరో పాలు ఒకటీ, దానిమీద మూడింట రెండు పాళ్ళు. దాని కోసం గిన్నె లోపల గోటితో రెండు గీతలు గీసి, మూడు సమభాగాలు చేశాడు. రెండో గీత దాకా నీళ్ళు ఎక్కగానే లేచి దిగువపేట మడవ కట్టేశాడు. ఇంత సన్నంగా లింగన్న ఏనాడూ కొలవలేదని మురిసిపోయాడు.

ఇంకా ఎనిమిది గిన్నెలు పైచిల్లర మిగిలిపోయింది. అది చూసి కూడా అతనికి అనుమానం రాలేదు. ఎవరికీ తిప్పకపోతే ఆ కాలువ నీళ్ళు వాటంతటవే ఎగువపల్లె మడవలోకి పోతాయి. పోయాయి. అలా తొమ్మిది రోజులు.

నడిమిపల్లె వాళ్ళకు బావులున్నాయి. గొణుక్కుని ఊరుకున్నారు. ఎగువపల్లె పెద్ద నరసప్ప బెల్లం గంప పంపించాడు. "ఇన్నాళ్ళకు లెక్క తెలిసినోడు గిన్నె ముందర కూర్చున్నాడు" అని కబురు కూడా పంపించాడు. విరూపాక్షి ఆ కబురును బెల్లంకన్నా తియ్యగా చప్పరించాడు.

తొమ్మిదోరోజు సాయంత్రం గురువు తిరిగొచ్చాడు.

పదోరోజు కాలువ పూడిక. ఆ రోజు తూము మూసి, మూడు ఊళ్ళ మనుషులూ కాలువలో దిగి ఒండ్రు ఎత్తిపోస్తారు. నీళ్ళలో ఎవరి పాలు ఎంతో పనిలోనూ అంతే. ముప్పైమంది కావాలి. మధ్యాహ్నం కూడు ఆశ్రమానిది.

పనికి దిగకముందే దిగువపేట తిమ్మక్క పార భుజాన వేసుకుని ఆశ్రమం వాకిట్లోకి వచ్చింది. మగదిక్కు లేని మనిషి. ఆరు మళ్ళలో రాగినారు పోసుకుంది. ఆ నారు బతికితేనే ఏడాది తిండి. ఆమె చేతిలో గుప్పెడు నారు ఉంది. చివర్లు కాలిన వెంట్రుకల్లా ఉన్నాయి.

"చిన్నసామీ, మా నీళ్ళు యాడికి పోతాండాయి?"

"మీ వంతు మీకు వస్తోంది కదమ్మా."

"వస్తే నారు ఇట్లెందుకుంటాది?" నారు అతని కాళ్ళ ముందు విసిరింది.

"ఎండలు ముదిరాయి. ఊట తగ్గి ఉంటుంది."

"ఎగువపల్లెలో గట్లు పొర్లి బాటమీద పార్తాండాయే, అవేమన్నా ఆకాశం నుంచి పడినాయా?"

విరూపాక్షి నేలమీద కూర్చుని పుల్లతో గీతలు గీశాడు. "ఇటు చూడు. ఇది సగం. ఇది పోగా మిగిలింది. అందులో మూడో పాలు నడిమిపల్లెది. అదీ పోగా ఇది మిగిలింది. ఇందులో ఆరో పాలు మీది. ఒక గిన్నే, మూడింట రెండు పాళ్ళూ. వెంట్రుకవాసి తప్పలేదు."

"నాకు గీతలు తెలీవు సామీ. లింగన్న ఉన్నప్పుడు నీళ్ళు మా కడపటి చేను దాకా వచ్చేవి. నువ్వు తొలి చేను తడవకముందే మడవ కట్టేస్తాండావు. నాకు తెలిసింది ఇదే."

"తెలియకపోతే అడిగి తెలుసుకోవాలి, అరవకూడదు. లెక్క లెక్కే. నీ ఏడుపు చూసి అది మారదు."

తిమ్మక్క వంగి, విసిరిన నారు ఏరుకుంది. లెక్క తప్పడం పాపం కాదు. తప్పుడు లెక్క చూపించి ఆకలిగొన్న మనిషి నోరు మూయించడమే పాపం. చదువుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే పాపం అదే.

కొట్టంలోంచి ఓబుళయ్య స్వామి బయటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. కొడతాడేమో అనిపించేంత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. శిష్యుణ్ణి చూడలేదు. నేలమీది గీతలు చూశాడు. కాలితో చెరిపాడు.

"తిమ్మక్కా, పూడికకు మీ పేట నుంచి ఎందరొచ్చినారు?"

"ఎప్పుడూ వచ్చేంతమందే సామీ. ఐదుగురం. నీళ్ళు తగ్గినాయని పని తగ్గించలేదు ఎవరూ."

"నడిమిపల్లె?"

"పదిమంది."

"ఎగువపల్లె?"

"పదిహేను."

"పో, పని చూసుకో తల్లీ. మధ్యాహ్నం వడ్డన వీడిదే."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముప్పైమందీ కాలువ గట్టుమీద మూడు వరసల్లో కూర్చున్నారు. మోకాళ్ళ దాకా ఒండ్రు. చేతులు మాత్రం కడుక్కున్నారు. పేరుకే పార పట్టినా ఎగువపల్లె పదిహేనుమందిలో ఒకడిగా నరసప్ప కూడా కూర్చున్నాడు.

గురువు సంగటి గంప తెచ్చి శిష్యుడి ముందు పెట్టాడు.

"ముప్పై ముద్దలు. లెక్కపెట్టుకో."

"ఉన్నాయి స్వామీ."

"తొమ్మిది రోజులు నీళ్ళెట్ల పంచినావో అట్లనే పంచు. గోరంత తేడా వచ్చినా ఒప్పుకోను."

విరూపాక్షి గంప ఎత్తుకున్నాడు. ఎగువపల్లె వరసలో పదిహేనుమందికి పదిహేను ముద్దలు పెట్టాడు. ఆకుకొక ముద్ద.

నడిమిపల్లె వరస. మిగిలిన పదిహేనులో మూడో పాలు, ఐదు. మనుషులు పదిమంది. ముద్దను రెండుగా విరిచి ఆకుకు అర ముద్ద పెడుతూ పోయాడు. ఐదో మనిషి దగ్గర అతని చెయ్యి నెమ్మదించింది.

"ఏంది చిన్నసామీ, మాకు కడుపులు సగమే ఉన్నాయా?" అన్నాడొకడు. వరసలో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

దిగువపేట వరస. గంపలో పది ముద్దలు. అందులో ఆరో పాలు. ఒక ముద్ద తీశాడు. రెండో ముద్దను మూడు ముక్కలు చేసి ఒక ముక్క గంపలో వేశాడు. చేతిలో ఒక ముద్ద, రెండు ముక్కలు. ఎదురుగా ఐదుగురు మనుషులు. ఆ ముద్దను కూడా మూడు ముక్కలు చేశాడు. ఐదు ముక్కలు. ఆకుకొక ముక్క.

తిమ్మక్క ఆకులో చివరి ముక్క పెట్టాడు. ఆమె ముక్కను చూడలేదు. అతని మొహం చూసింది.

"అయిందా?" అన్నాడు గురువు.

"అయింది స్వామీ."

"గంపలో ఏమున్నాయి?"

"ఎనిమిది ముద్దలు... ఒక ముక్క."

"ముప్పైమందీ పని చేసినారా?"

"చేశారు."

"ముప్పైమందికీ వండినానా?"

"వండారు."

"మరి గంపలోవి ఎవరివిరా?"

విరూపాక్షి గంపలోకి చూశాడు.

నరసప్ప అప్పటికే ముద్ద కొరికాడు. నములుతూనే నవ్వాడు. "మిగిలినవి ఇటు వెయ్యి చిన్నసామీ. రోజూ చేసేదే కదా."

"నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడొద్దు నరసప్పా. గొంతుకు అడ్డం పడుతుంది" అన్నాడు గురువు.

నరసప్ప నమలడం ఆపాడు.

గురువు రెండు చేతులతో గంప ఎత్తి శిష్యుడి నెత్తిన పెట్టాడు. పెట్టాడనడం తప్పు, మోపాడు. "ఇవి ఎవరివో తెలిసిందాకా దించొద్దు. వీడు దించిందాకా ఎవరూ తినొద్దండి."

ముప్పైమంది ఆకలిమీద ఉన్నారు. ముప్పై జతల కళ్ళు అతనిమీదే. ఎండ మాడుమీదికి దిగుతోంది.

"తొందరగా తేల్చు సామీ" అని ఎగువపల్లె వరసలోంచే ఎవరో అరిచారు.

విరూపాక్షి తను పెట్టినవి కూడుకున్నాడు. పదిహేను. ఐదు. ఒకటీ, మూడింట రెండు. ఇరవై ఒకటి దాటి ఇరవై రెండు కూడా కాలేదు. ముప్పై ఎందుకు కాలేదు? రాతిమీద ఉన్నవి కూడితే ఎంత రావాలి? సగానికి మూడో పాలు ఎలా కలపాలి? ఒకటి రెండుగా కోసిన ముక్క. ఇంకొకటి మూడుగా కోసింది. మరొకటి ఆరుగా కోసింది. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెడితే సరిపోవు. తనకు కూడటం రాదని ఆ ఎండలో మొదటిసారి తెలిసింది. ఏడేళ్ళు తీసివెయ్యడమే చేశాడు.

కళ్ళలోకి చెమట కారింది. చెమటలోంచి వరసలు కనపడ్డాయి. తలకాయలు లెక్కపెట్టాడు.

సగం అంటే ఆ పదిహేను తలకాయలు. మూడో పాలంటే ఈ పది. ఆరో పాలంటే ఆ ఐదు. అన్నీ ముప్పై ముక్కలుగా కోస్తే అన్నీ ఒకే కొలత అవుతాయి. పదిహేనూ పదీ ఇరవై ఐదు. ఐదూ కలిపితే ముప్పై.

ఒక్కటి కూడా మిగలదు.

మూడో పాలు మొత్తంలో మూడో పాలు. ఆరో పాలు మొత్తంలో ఆరో పాలు. మిగిలినదాంట్లో అని ఆ రాయి ఎక్కడా చెప్పలేదు. చెప్పింది తన వంటపాక.

అతను దిగువపేట వరస దగ్గరికి నడిచి గంప దించాడు. ఐదుగురికీ ఒక్కొక్కరికి ఇంకా రెండేసి ముక్కలు కావాలి. అంటే పది ముక్కలు. గంపలో ముక్క ఒకటి ఉంది. మూడు ముద్దలు విరిచి తొమ్మిది చేశాడు. ఆకుల్లో పెట్టాడు. ఐదు ముద్దలు మిగిలాయి. వాటిని సగాలు చేసి నడిమిపల్లె వరసలో పదిమందికీ పెట్టాడు.

ఖాళీ గంపను గురువు ముందు బోర్లించాడు.

"తినండి" అన్నాడు గురువు అందరితో. శిష్యుడితో అన్నాడు: "కూడు ఇయ్యాళ్ది ఇయ్యాళే ఇచ్చినావు. నీళ్ళో?"

విరూపాక్షి ఒండ్రులో కూర్చుని వేలితో రాసుకున్నాడు. కాసేపటికి తలెత్తాడు. ఈసారి గట్టిగానే చెప్పాడు, అందరికీ వినపడేట్టు.

"రోజుకు ఎనిమిది గిన్నెలూ ఒక మూడో పాలు. తొమ్మిది రోజులకు డెబ్బై రెండు గిన్నెలు, తొమ్మిది మూడోపాళ్ళు. తొమ్మిది మూడోపాళ్ళంటే మూడు గిన్నెలు. మొత్తం డెబ్బై ఐదు. అందులో ముప్పై దిగువపేటవి. నలభై ఐదు నడిమిపల్లెవి. అన్నీ ఎగువపల్లెకు పోయాయి. నేనే వదిలాను."

"అయితే?"

"ఎగువపల్లె వంతు రోజుకు పదిహేను. రేపటి నుంచి ఐదు రోజులు ఆ పదిహేను వాళ్ళకు లేదు. నారు ఎండుతోంది గనక మొదటి రెండు రోజులూ దిగువపేటకు. తర్వాత మూడు రోజులు నడిమిపల్లెకు."

నరసప్ప ఆకు మడిచి లేచాడు. "నా చెరుకు ఏం కావాల సామీ? నువ్వు తప్పు చేస్తే నేను ఎండాల్నా?"

ఓబుళయ్య స్వామి అతని మాట వినిపించుకోలేదు. గునపం భుజాన వేసుకుని ఆశ్రమంలోకి వెళ్ళిపోయాడు. విరూపాక్షి ఒక్కడే మిగిలాడు.

తెల్లారి పొద్దు పొడిచేసరికి అతను ఎగువపల్లె మడవలో కూర్చుని ఉన్నాడు. మట్టి కట్టి, దానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని. తొట్టి పక్కనే పెట్టుకున్నాడు. గిన్నె తేలుతోంది.

నరసప్ప ఇద్దరు మనుషులతో వచ్చాడు. చేతుల్లో పారలు.

"లే సామీ."

"ఐదు రోజులు లేవను నరసప్పన్నా."

"బెల్లం తిన్నప్పుడు ఈ బుద్ధి యాడికి పోయింది?"

"తిన్నాను. కక్కమంటే కక్కుతాను. నీళ్ళు మాత్రం ఇవ్వను."

"రాతిమీద సగం మాదని ఉందా లేదా?"

"ఉంది. సగంకన్నా ఎక్కువ తొమ్మిది రోజులు తాగారు. సగం దాకా దిగిరావడానికి ఐదు రోజులు పడుతుంది."

నరసప్ప పక్కవాడి వైపు తిరిగాడు. "చూస్తావేందిరా, మట్టి లాగు."

ఆ మనిషి పార ఎత్తలేదు. నిన్న ఎగువపల్లె వరసలో కూర్చున్నవాళ్ళలో అతనొకడు. "నిన్న గంపలో మనమూ చూసినాం కదన్నా" అన్నాడు మెల్లగా. "నాకు ఆ ముద్ద మింగుడు పడలేదు."

నరసప్ప బూతులు తిట్టాడు. శిష్యుణ్ణి తిట్టాడు, గురువును తిట్టాడు, రాయి చెక్కినవాణ్ణి తిట్టాడు. తిట్లయిపోయాక వెళ్ళిపోయాడు. ఐదు రోజులూ పొద్దున్నే వచ్చి తిట్టి పోయేవాడు. విరూపాక్షి మడవలోంచి కదల్లేదు. ఆశ్రమంవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి గిన్నె చూసి మిగతా మడవలు తిప్పేవాళ్ళు. అతను లెక్క చెప్పేవాడు.

ఆరోరోజు అందరి వంతులూ మామూలుగా తిరిగాయి. లింగన్న సంచుల్లో రాళ్ళు ఎన్నో అన్ని: పదిహేను, పది, ఐదు.

ఆ సాయంత్రం గురువు శిష్యుణ్ణి వెంటబెట్టుకుని దిగువపేటకు నడిచాడు. తిమ్మక్క చేను దగ్గర ఆగాడు.

కడపటి మడి దాకా నేల తడిసి నల్లగా ఉంది. ఆరు మళ్ళలో నాలుగింట్లో నారు తల ఎత్తింది. రెండింట్లో లేవలేదు. పడుకున్నది పడుకున్నట్టే, గడ్డి రంగులో ఉంది.

తిమ్మక్క గట్టుమీద కూర్చుని ఉంది. వాళ్ళను చూసి లేవలేదు.

విరూపాక్షి చేతులు జోడించాడు. "అక్కా, ఆ రోజు నేనన్న మాటకు..."

"ఇప్పుడు నాకు తీరిక లేదు సామీ" అంది ఆమె. "వేరే నారు యాడ దొరుకుతుందో చూసుకోవాల."

"ఆరింట్లో రెండు" అన్నాడు గురువు. "ఎంతరా?"

"మూడో పాలు స్వామీ."

"దీన్ని ఏ గిన్నెతో తిరిగిస్తావు?"

విరూపాక్షి పంచె ఎగగట్టి మడిలోకి దిగాడు. వంగి, ఎండిన నారు పీకడం మొదలుపెట్టాడు.